వాగు దాటాక నేల ఎలా ఉంటుంది?

చిట్టి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. మట్టి అనొచ్చు, రాయి అనొచ్చు, ఇసక అనొచ్చు, గుర్తులేదు పొమ్మనొచ్చు. కానీ అడిగింది టాప్‌గేర్‌ని. టైమెంతయిందని అడిగితే, గడియారం కనిపెట్టినవాడు తన దగ్గరే పని నేర్చుకున్నాడని మొదలుపెట్టే మనిషిని.

టాప్‌గేర్ చిట్టికి స్వయానా పెదనాన్న, నాన్నకి అన్న. ఊహ తెలిసినప్పట్నుంచి జీపు తోలాడు. మోకాళ్ళు మొరాయించాక, కంటి డాక్టరు ‘ఇకమీదట మీరు బండి తీస్తే ఎదురొచ్చేవాళ్ళకి ముందే కబురు పెట్టండి’ అన్నాక, జీపు తాళాలు తమ్ముడి కూతురి చేతిలో పెట్టేశాడు. బండి తోలడం ఆపాడు గానీ కోతలు కోయడం ఆపలేదు. పైగా ఖాళీ దొరికింది.

ఆ సాయంత్రం వాన పడి వెలిసింది. టైర్ల కొట్టు అరుగు మీద చిట్టి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా జీపు, పాతబడ్డ నాలుగు టైర్లూ నున్నగా గుండు కొట్టించుకున్నట్టున్నాయి. వాటిని మార్చక తప్పదు, అదీ ఇప్పుడే. ఎందుకంటే పాలకేంద్రం మేనేజరు మధ్యాహ్నమే ఖరాఖండిగా చెప్పేశాడు. ‘కొండమీది పల్లెలో పాలు బోలెడు, కిందికి తెచ్చే దిక్కే లేదు. రేపు పొద్దున్నే ఎక్కి, పాలు విరక్కుండా దించుకురా. తెచ్చావా, రోజూ ఆ పని నీదే. లేదంటే ట్రాక్టరువాడికి ఇచ్చేస్తా.’

చిట్టి అలాంటి పని కోసం వానకాలం మొదలైనప్పట్నుంచి కాళ్ళరిగేలా తిరుగుతోంది. కొండ కింద వాగు వరకూ దారి ఆమెకి తెలుసు. ఒట్టి జిగట మట్టి. వాగు దాటాక ఎలా ఉంటుందో తెలీదు. ట్రాక్టరువాడికి తెలుసు, కానీ వాడెందుకు చెప్తాడు? ఇక మిగిలింది ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు అటు వెళ్ళొచ్చిన పెదనాన్న.

టైర్లాయన రెండు సెట్లు తెచ్చి అరుగు మీద నిలబెట్టాడు. ఒకటి వెడల్పుది. అడుగున అరచెయ్యంత రబ్బరు బటన్లు, బటన్‌కీ బటన్‌కీ మధ్య పిడికిలి దూరేంత సందు, నల్లగా నిగనిగలాడుతూ ఆబోతులా ఉంది. రెండోది సన్నం. చూడ్డానికి బక్కచిక్కినట్టున్నా పక్కలు మాత్రం దళసరి, వేలితో కొడితే చెక్కని కొట్టినట్టు ఠకఠకమంటాయి.

“మెత్తటి బురదైతే వెడల్పుది వేసుకోమ్మా, తేలుకుంటూ పోతుంది. కోసే రాయైతే సన్నది. ఆ వెడల్పుదానికి పక్కలు పలచన. నేలేంటో చెప్తే టైరేంటో నేను చెప్తా. ఒకసారి బిగించాక మార్చమంటే మార్చను.”

“పెదనాన్నా,” అంది చిట్టి, “వాగు దాటాక నేల ఎలా ఉంటుంది?”

టాప్‌గేర్ గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు వినగానే పక్క కొట్టు దర్జీ మిషను తొక్కడం ఆపేసి, మెడలో టేపుతోనే అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. ఆయనకి ఇది రోజూ ఉండే వినోదం.

పెద్దమ్మ అప్పటికే అక్కడ ఉంది. టాప్‌గేర్ భార్య. పాత టైర్ల దొంతర మీద కూర్చుని, దర్జీ కత్తెర అరువు తెచ్చుకుని, చిరిగిన ట్యూబొకటి పట్టీలు పట్టీలుగా కోస్తోంది. దారిలో కుదుపులకి పాల క్యాన్ల మూతలు ఎగిరిపోకుండా బిగించడానికి. తల ఎత్తలేదు.

“అదేం పెద్ద విశేషం కాదే అమ్మా,” అన్నాడు టాప్‌గేర్ చాలా వినయంగా. “అప్పుడూ ఇలాగే వాన. అందరూ వద్దన్నారు. నేను వెళ్ళాను. వెళ్ళొచ్చాను. అంతే.”

“అంతేనా? అయితే మరి నే వెళ్ళి కాజాలు కుట్టుకుంటా,” అని దర్జీ లేవబోయాడు.

“కూర్చోవయ్యా, అంతే అంటే అంతేనా? ఒక్కణ్ణే వెళ్ళాను. నేనూ, బండీ, పైన ఆకాశం. వాగు దగ్గరికొచ్చేసరికి చూద్దును కదా, నిండుగా పోతోంది. వేరేవాడైతే వెనక్కి తిప్పేవాడు, నేను తిప్పలేదు, ఎందుకంటే నా టైర్లు ఇవిగో,” అని వెడల్పు టైరు వీపు మీద చరిచాడు, “అచ్చం ఇలాంటివే, ఇంకా జానెడు వెడల్పు. దింపాను. నీళ్ళు బానెట్ దాకా వచ్చాయి. పోనీలే అన్నాను. స్టీరింగు దాకా వచ్చాయి. రానీ అన్నాను. తర్వాత ఏమైందో తెలుసా? తల మునిగింది.”

“మరి ఇంజను ఆగిపోలేదా?” అన్నాడు టైర్లాయన. పనివాడు కదా, అనుమానం వచ్చింది.

“దానికి ఊపిరి బిగబట్టడం నేర్పాను. అలా అడుగునే పోతున్నా. అటుపక్క కిటికీలోంచి ఒక చేప లోపలికొచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఇంత పొడుగు! ముందు ఒక గుంపు చేపలు దారికడ్డంగా నిలబడ్డాయి. హారన్ కొట్టాను. తప్పుకున్నాయి.”

“నీళ్ళలో హారన్ వినపడుతుందా అన్నా?” అన్నాడు టైర్లాయనే.

“చేపల్ని అడుగు.”

దర్జీ నోట్లో గుండుసూది పెట్టుకుని ఉన్నాడు, నవ్వితే మింగేస్తానని భయపడి తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు.

చిట్టి నవ్వలేదు. చిన్నప్పుడు ఆ జీపు ముందు సీట్లో ఆయన ఒళ్ళో కూర్చుని ఇలాంటివి వందలు విన్నది, అన్నీ నమ్మింది. పెద్దయ్యాక నమ్మడం మానేసింది గానీ ఒకటి మాత్రం పట్టుకుంది. పెదనాన్న కోతల్లో బస్తాడు ఊకకి ఒక గింజైనా ఉంటుంది. ఓపిగ్గా చెరుక్కోవాలి.

“సరే, వాగు దాటావు. దాటాక? నేల ఎలా ఉంది?”

“అక్కడికే వస్తున్నా. తొందరపడితే గేరు పడదు. గట్టెక్కానో లేదో, బురద! అలాంటిలాంటి బురద కాదు. ఏనుగొకటి దిగబడి తొండం ఒక్కటే బయట పెట్టుకుని ఉంది. నన్ను చూసి ఆ తొండంతోనే వద్దు వద్దు వెనక్కి పో అని సైగ చేసింది. నేను వింటానా? దింపాను. అద్దాల దాకా కూరుకుపోయింది బండి. అప్పుడేం చేశాననుకున్నావ్?”

“దేవుణ్ణి తలుచుకున్నావ్,” అన్నాడు దర్జీ.

“దేవుడే నన్ను తలుచుకోవాలి! టైర్లలో గాలి తీశాను. ఇది రాసిపెట్టుకో చిట్టితల్లీ, మెత్తటి నేలలో గాలి తగ్గిస్తే టైరు చాపలా పరుచుకుంటుంది, నేలని పట్టుకుంటుంది.”

టైర్లాయన తలాడించాడు. “అది మాత్రం నిజం.”

నిజం అనేసరికి టాప్‌గేర్‌కి అవమానమైనట్టుంది. ఇంకో మెట్టు పైకెక్కాడు.

“చాపలా అంటే మామూలు చాపా? పెళ్ళిలో విందుకి పరిచేంత చాప! నాలుగు టైర్లూ పరుచుకుని ఒకదాన్నొకటి తాకాయి. కదిలింది బండి. కదలడమేమిటి, ఆ బటన్లున్నాయే, అవి నేలని పళ్ళతో కరిచినట్టు కరుచుకుని లేపుకుంటూ పోతున్నాయి. కాసేపయ్యాక ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. ఏమైందో తెలుసా? దారి లేదు!”

“లేకపోవడమేమిటి?”

“లేదంటే లేదు. నేనొచ్చిన దారంతా టైర్లకి చుట్టుకుని నాతోనే వస్తోంది! పక్కబట్ట చుట్టినట్టు చుట్టేసుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది. పాపం వెనక వచ్చేవాళ్ళెలా వస్తారు? ఊరివాళ్ళ దారి నేను పట్టుకుపోవచ్చా? పైకెళ్ళాక జాగ్రత్తగా విప్పి పరిచాను. ఆ పల్లెలో ఇప్పుడున్న వీధి అదే. వెళ్తే చూడు, మన మట్టి రంగే ఉంటుంది.”

దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. వీధిలో పోతున్నవాళ్ళిద్దరు ఆగి, గొడుగులు ముడిచి, అరుగంచున నిలబడ్డారు. జనం పెరిగేకొద్దీ టాప్‌గేర్ మోకాళ్ళు నిటారుగా అవుతున్నాయి. కుంటకుండా ఇటూ అటూ నడుస్తున్నాడు. కనిపించని స్టీరింగు రెండు చేతులా తిప్పుతున్నాడు. ఆయన మొహం అలా వెలిగిపోతుంటే చిట్టికి అడ్డుపడబుద్ధి కాలేదు. కానీ వెలుతురు పోతోంది. టైర్లాయన జాకీ బయటపెట్టి కూర్చున్నాడు.

“పెదనాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. బురద ఎంతవరకు ఉంటుంది? తర్వాత రాళ్ళేమైనా ఉన్నాయా?”

“రాళ్ళా? రాళ్ళెక్కడివే, ఏకంగా కొండే! నిట్టనిలువు. గోడ. నేను వెల్లకిలా పడుకుని తోలుతున్నా, చూస్తే ఎదురుగా ఆకాశం, వైపర్లతో మబ్బుల్ని తుడుచుకుంటూ పోవాల్సొచ్చింది. ఒక గద్ద వచ్చి అద్దం మీద వాలి, ఇక్కడిదాకా నేనే ఎప్పుడూ రాలేదయ్యా అంది. అయినా నా టైర్లు పట్టు విడవలేదు. అవి ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, నేను ఆక్సిలేటరు నొక్కుతున్నా, చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇదేంటని కిందికి చూశాను. ఏమైందో తెలుసా?”

గొడుగులవాళ్ళలో ఒకడు ‘ఏమైంది’ అని గొణిగాడు.

“బండి కొండ ఎక్కడం లేదు. కొండే కిందికి దిగుతోంది! నా టైర్లు దాన్ని బావిలో చేదతాడు లాగినట్టు లాగేస్తున్నాయి! సర్రున దిగొచ్చి శిఖరం నా ముందు చక్రాల దగ్గర ఆగింది. పల్లెవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చునే కిందికొచ్చేశారు. ఒకావిడ పొయ్యి మీద అన్నం గిన్నె పెట్టుకుని, గంజి వార్చకముందే నా ఎదురుగా ప్రత్యక్షమైంది. అంతకుముందు ఆ కొండ ఎత్తెంతో తెలుసా? ఎండాకాలంలో కూడా దాని నీడ మన ఊరి మీద పడేది. ఇప్పుడు చూడండి, చతికిలబడి ఎలా ఉందో. అది నా పనే. ఎవరికీ చెప్పుకోలేదు. మనకెందుకులే గొప్పలు.”

అరుగంతా గొల్లుమంది. టాప్‌గేర్ గెలిచినవాడిలా వెడల్పు టైరు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“ఇదీ టైరంటే. ఇది వేశామంటే చూడగానే కొండకి గుండె జారాలి. ఆ బక్కటైరు వేసుకుని వెళ్తే పల్లెవాళ్ళు జాలిపడి నీకే గ్లాసు పాలిచ్చి పంపిస్తారు.”

చిట్టి లెక్కేసుకుంది. కథలో చేపని తీసేసింది, ఏనుగుని తీసేసింది, గద్దని తీసేసింది, కొండని ఎక్కడిదక్కడ పెట్టేసింది. అన్నీ పోయాక మిగిలింది బురదే. రాయి అన్న మాట ఆయన నోట సొంతంగా ఒక్కసారీ రాలేదు. బస్తా అంతా చెరిగితే ఇదే గింజ అనుకుంది.

“వెడల్పువే బిగించండి,” అంది.

టైర్లాయన జాకీ జీపు కిందికి తోశాడు.

అప్పుడు కత్తెర ఆగింది.

“ఏమండీ,” అంది పెద్దమ్మ, ట్యూబు పట్టీ ఒకటి లాగి గట్టిదనం చూసుకుంటూ. “మీరు ఒక్కరే వెళ్ళారా?”

“చెప్పాను కదా. నేనూ, బండీ, పైన ఆకాశం.”

“మరి వెనకనుంచి తోసింది ఆకాశమా?”

టాప్‌గేర్ నోరు తెరిచాడు. ఆవిడ చోటివ్వలేదు.

“పెళ్ళయిన కొత్త,” అంది పెద్దమ్మ అరుగు మీద వాళ్ళందరికీ వినపడేలా. “మా బండి కొండెక్కుతుంది చూద్దువుగాని రా అని తీసుకెళ్ళారు. పట్టుచీర కట్టుకున్నాను. వాగులో నీళ్ళు చీలమండ దాకా. చేప కాదు కదా, కప్పపిల్ల కూడా లేదు.”

“ఆ రోజు తక్కువున్నాయిలే…” అన్నాడు టాప్‌గేర్.

“వెడల్పు టైర్లు వేయించారు, అది నిజం. పెళ్ళానికి చూపించాలని. వాగు దాటి ఈ వీధి చివరంత దూరం పోయామో లేదో టైరు బుస్సుమంది. స్టెప్నీ వేశారు. ఇంకాస్త పోయాక అదీ బుస్సుమంది. నేను దిగి తోశాను. ఈయన లోపల కూర్చుని హారన్ కొట్టారు.”

దర్జీ అరుగు మీద పొర్లాడటం ఒక్కటే తక్కువ. గొడుగులవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు.

టాప్‌గేర్ అంత తేలిగ్గా పడిపోయే మనిషి కాదు. “సరే, తోసింది తనే అనుకోండి. ఎటు తోయాలో చెప్పింది ఎవరు? నేను కదా!”

“మీరే. అందుకే పల్లె మొహం చూడలేదు. వెనక్కి జారి మళ్ళీ వాగులోనే పడ్డాం.”

అరుగు మీద నవ్వుల మధ్య చిట్టి ఒక్కతే పెద్దమ్మ దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చుంది.

“పెద్దమ్మా, టైరు దేనికి చిరిగింది? ముల్లా, ఇనప మేకా?”

“ముల్లేమిటే? రాయి. వాగు దాటాక మట్టి నిలుస్తుందా అక్కడ? వానకి కొట్టుకుపోయి ఉత్త పలుగురాళ్ళు, కొడవళ్ళు నిలబెట్టినట్టు.”

“అడుగున కోసిందా, పక్కనా?”

“పక్కన. కడుపు చీరినట్టు చీరింది. అడుగున బటన్లు చెక్కుచెదరలేదు, వాటి అందం వాటికే ఉంది.”

టైర్లాయన వెడల్పు టైర్లని ఒక్కొక్కటే దొర్లించుకుంటూ లోపల పెట్టి, సన్నవాటిని తెచ్చాడు. “ఇంతసేపూ చెప్పలేదేమమ్మా?” అని అడిగాడు.

“చూద్దామని,” అంది పెద్దమ్మ. “ఆ కొండని ఈసారి ఎక్కడిదాకా తెస్తారోనని. ప్రతిసారీ కాస్త ముందుకొస్తోంది.”

జనం చెదిరిపోయారు. టాప్‌గేర్ అరుగంచున కూర్చుని మోకాలు రాసుకుంటున్నాడు. చిట్టి ఆయన వైపు చూసింది. ఊరు నవ్వితే నవ్వనీ, ఇంకొంచెమైతే తన జీపు కొండ మీద కడుపు చీరుకుని పడి ఉండేది, ఆ పాపం ఆయనదే. అయినా ఆయన అలా కూర్చోవడం ఆమె చూడలేకపోయింది.

“పెదనాన్నా, రేపు నువ్వూ రా.”

“నేనెందుకు? తోయడానికి మీ పెద్దమ్మ ఉందిగా.”

“వాగు ఇవతల అంతా జిగట. సన్నటైరు దిగబడుతుంది. గాలి ఎంత తీయాలో నాకు తెలీదు. నువ్వు బొటనవేలితో నొక్కి చెప్తావుగా.”

ఆయన లేచి, బిగించిన టైరు దగ్గరికెళ్ళి బొటనవేలితో నొక్కి చూశాడు. “ఇంత గాలితో వెళ్తే వాగు మొహం కూడా చూడవు,” అన్నాడు. ఆ మాటలో కోత లేదు.

మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురూ బయల్దేరారు. చిట్టి స్టీరింగు ముందు, పక్కన పెద్దమ్మ, వెనక ఖాళీ క్యాన్ల మధ్య టాప్‌గేర్. జిగట మొదలయ్యేచోట ఆయన దిగి నాలుగు టైర్లలోనూ గాలి తీయించాడు. ఒక్కో టైరునీ నొక్కి, చెవి పెట్టి విని, చాలు అన్నాడు. బండి బాగానే పోయింది. వాగు కనపడుతోందనగా, ఎడ్లబళ్ళు తొక్కి తొక్కి గుంటపడినచోట మాత్రం వెనక చక్రం దిగబడింది.

“నేను తోస్తానుండు,” అని పెద్దమ్మ లేవబోయింది.

“నువ్వు కూర్చో,” అన్నాడు టాప్‌గేర్. పంచె ఎగ్గట్టి దిగాడు. వెనక్కి వెళ్ళి జీపుకి భుజం ఆనించాడు. ఊరికే తోస్తే ఆయన టాప్‌గేర్ ఎలా అవుతాడు? తోస్తూనే, ‘ఎడమకి కొట్టు! ఇంకా ఎడమకి! కొండనే దించినవాణ్ణి, నువ్వెంత…’ అని గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే చక్రం పట్టు దొరకబుచ్చుకుని గిర్రున తిరిగింది. జీపు ఎగిరి బయటపడింది. గుంటలో ఉన్న బురదంతా ఒక్క ముద్దగా లేచి, తెరిచి ఉన్న నోట్లోకి సూటిగా వెళ్ళిపోయింది.

వాగులో పుక్కిలించాడు. ఎంత పుక్కిలించినా గొంతు దాటి బొంగురు తప్ప రాలేదు. ఇక చేత్తో సైగలే.

వాగు దాటాక పెద్దమ్మ చెప్పినట్టే ఉంది. పలుగురాళ్ళు రెండు వైపులనుంచీ టైర్ల పక్కల్ని గీరుతున్నాయి. ఆ కరకర చప్పుడు వింటూ చిట్టి పళ్ళ బిగువున, నడిచే మనిషికంటే నెమ్మదిగా తోలింది. బుస్సుమన్న చప్పుడు వస్తుందేమోనని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. రాలేదు. పల్లె వచ్చింది. క్యాన్లు నిండాయి, మూతల మీద ట్యూబు పట్టీలు బిగిశాయి. దిగేటప్పుడు కూడా ఎక్కడా చుక్క ఒలకలేదు.

పాలకేంద్రంలో మేనేజరు ప్రతి క్యానూ మూత తీసి వాసన చూశాడు. గరిటెడు పాలు కాచి చూశాడు. విరగలేదు. “రేపూ ఇదే టైముకి వచ్చెయ్,” అన్నాడు. చిట్టి సరేనండీ అని మామూలుగా అనేసి, జీపు వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా టైరుని రెండు చేతులా వాటేసుకుంది.

ఇంటికి వెళ్ళేదారిలో టైర్ల కొట్టు ముందు బండి ఆపారు. దర్జీ టేపు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, టైర్లాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దరూ వెనక కూర్చున్న టాప్‌గేర్ వైపు ఆశగా చూశారు. ఆయన మీసాల దాకా బురద ఎండిపోయి ఉంది. చెప్పాలని తెగ తాపత్రయపడి, రెండు చేతులూ గాల్లోకి లేపి, గుర్రుమని ఏదో అన్నాడు. ఏమీ అర్థం కాలేదు.

“ఇంతకీ టైరు ఎలా ఉందమ్మా?” అని అడిగాడు టైర్లాయన పెద్దమ్మని.

“బంగారంలాంటి టైరు నాయనా,” అంది పెద్దమ్మ. “ఇన్నేళ్ళ కాపురంలో నావల్ల కాలేదు. ఆ నోరు అది మూయించింది.”